ఫ్లోరెన్స్‌కు నా మూడో ప్రయాణం

ఆ రోజుల్లో అబద్ధం ఆడటానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు. ఎదుటివాళ్ళు కాస్త మర్యాదగా "మీరు" అంటే చాలు, ఆ మర్యాద నిలబెట్టుకోవడానికి ఎంత దూరమైనా వెళ్ళేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళ వయసు. షార్జాలో, రోలా బజారులో ఒక మేడమీద చిన్న ట్రావెల్స్ ఆఫీసు. మెడకు బిగుసుకున్న టై, ఎదురుగా ఒక ఫోను. జగిత్యాలలో డ్రాయింగు లోయరూ హయ్యరూ పరీక్షలు రెండూ పాసై, డ్రాయింగు మాస్టరు పోస్టుల కోసం నాలుగేళ్ళు కాచుకుని కూర్చుని, అవి ఇక పడవని తేలాక దుబాయ్ విమానం ఎక్కినవాణ్ణి. (మా వైపు షార్జా అయినా, అబుదాబి అయినా, ఉమ్ అల్ క్వైన్ అయినా అంతా దుబాయే. ఇప్పటికీ మా బంధువులకు నేను షార్జాలో ఉన్నానని తెలియదు.) నా వీసా మీద వృత్తి "అరబిక్ టైపిస్టు" అని ఉండేది. నాకు అరబిక్‌లో వచ్చిన మాటలు యల్లా అంటే పద పద, ఖలాస్ అంటే ఇక అయిపోయింది. ఆ రెండు మాటలతోనే ఏడేళ్ళు నెట్టుకొచ్చాను. మొదటిది ఎప్పుడూ వాళ్ళు అనేవారు, రెండోది నేను లోపల అనుకునేవాణ్ణి.

మా ముదీర్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ముదీర్ అంటే మేనేజరనే అర్థం గానీ, మాకు ఆయన యజమానీ, మేనేజరూ, మా పాస్‌పోర్టులన్నిటికీ కాపలాదారూ. వాటిని ఒక ఇనప బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకునేవాడు. "పోగొట్టుకుంటార్ మియా మీరు. నా దగ్గరుంటే సేఫు" అని నవ్వేవాడు. సేఫుగానే ఉండేవి, మేమే ఉండేవాళ్ళం కాదు. తెలుగువాళ్ళ ఫోన్లు నాకు అప్పగిస్తూ మొదటిరోజే ఒక ఉపదేశం చేశాడు: "దేఖో మియా, మీఠాగ, తియ్యగ మాట్లాడాలె. ఇన్ఫర్మేషన్ కావల్నంటె కస్టమర్ ఇంటర్నెట్ల చూస్కుంటడు. మన దగ్గర మాట చూస్తడు." ఆ ఉద్యోగంలో నాకు ఇచ్చిన శిక్షణ అంతే.

దానితోపాటు ఒక యూరప్ బ్రోషరు కూడా ఇచ్చారు. అందులో పారిస్ ఉంది, రోమ్ ఉంది, కాలువల వెనిస్ ఉంది. కానీ నాకు ఎందుకో ఫ్లోరెన్స్ పేజీ పట్టుకుంది. ఇటలీలో ఒక పాత ఊరు; నది, ఎర్రటి గుమ్మటం, అడుగడుగునా మ్యూజియంలు. ఆ పేజీ కింద అగ్గిపెట్టె అంత బొమ్మ ఒకటి ఉండేది: సముద్రంలోంచి ఆల్చిప్ప మీద నిలబడి ఒడ్డుకు వస్తున్న స్త్రీ. అచ్చువేసినవాడు జాగా చాలక ఆమెను మెడ దగ్గర కత్తిరించేశాడు. మిగతా బొమ్మ ఎలా ఉంటుందో చూడాలని మొదలుపెట్టి, ఒక్కో శుక్రవారం ఒక్కో మ్యూజియం చొప్పున ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఊరంతా కంఠతా పట్టాను. ఏ గదిలో ఏ పటం ఉంది, ఏ మెట్లు ఎక్కితే ఏ వరండా వస్తుంది, ఏ కిటికీలోంచి నది కనిపిస్తుంది, అన్నీ నోట్‌బుక్కులో ప్లాను గీసుకున్నాను. ఫోన్లో ఎవరైనా యూరప్ అంటే చాలు, వాళ్ళు స్విట్జర్లాండ్ మంచు గురించి అడిగినా సరే, నేను మెల్లగా ఫ్లోరెన్స్‌కు తీసుకొచ్చి దింపేవాణ్ణి. ఆఫీసులో నా పేరే ఫ్లోరెన్స్ అయిపోయింది. "ఏ ఫ్లోరెన్స్, చాయ్ బోలో" అనేవాళ్ళు.

ఒకరోజు దుబాయ్ నుంచి ఒక చీఫ్ ఇంజనీరుగారు ఫోను చేశారు. కాకినాడవైపు మాట. నేను నా ధోరణిలో అరగంట చెప్పాను. పొద్దున ఎండ ఎటునుంచి పడుతుందో, ఆ వెలుగులో ఏ విగ్రహం బాగుంటుందో కూడా చెప్పాను. ఆయన చివర్లో, "చాలా బాగా చెప్పారండీ. మీరు ఎన్నిసార్లు వెళ్ళారు?" అన్నారు. అంత పెద్దమనిషి నన్ను "మీరు" అన్నాడు. ఒకసారి అంటే తక్కువగా ఉంటుందనిపించింది. మూడుసార్లంటే నమ్మరేమో.

"రెండుసార్లండీ" అన్నాను.

ఆ సాయంత్రం రూములో ఈ సంగతి గొప్పగా చెప్తే మా సిరిసిల్ల మామ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. ఆయన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో అల్యూమినియం కిటికీలు కోసేవాడు. వరసకు ఏమీ కాడు, మంచం పక్కన మంచం కాబట్టి మామ. "ఎప్పుడు పోయినవ్‌రా నువ్వు? నాకు తెల్వకుండ పోయి అచ్చినవా? గీ రూమ్లకెళ్ళి రోలా మైదానం దాటినోనివి కాదు" అన్నాడు. ఫోన్లో మాటే కదా మామా, ఎవరు పట్టుకుంటారు అన్నాను.

రెండు వారాల్లో పట్టుకున్నారు. చీఫ్ ఇంజనీరుగారు తన బంధువులనూ స్నేహితులనూ కలిపి ఇరవై ఒక్కమందిని తయారుచేసి, నేరుగా ఆఫీసుకు వచ్చి ముదీర్ ముందు కూర్చున్నారు. ఒక్కటే షరతు: "గైడుగా ఈ అబ్బాయే రావాలి. రెండుసార్లు వెళ్ళొచ్చిన మనిషి." ముదీర్ నావైపు చూశాడు. నేను ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదని ఆయనకు తెలుసు, నా పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే కదా ఉంది. అక్కడి గైడును పెట్టుకోవడంకంటే నన్ను పంపడం చౌక అని కూడా ఆయనకు తెలుసు. "క్యూ నహీ సాబ్! మా ఫ్లోరెన్స్‌కు ఫ్లోరెన్స్ అంటే సొంతిల్లు!" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక నా భుజం తట్టి, "మూడోసారి పోయిరా మియా" అని పగలబడి నవ్వాడు.

కార్యక్రమం నేనే టైపు చేశాను. (అరబిక్‌లో కాదు.) నా తెలివితేటలన్నీ అక్కడే బయటపడ్డాయి. మ్యూజియంలకు వారానికొక సెలవుంటుందని బ్రోషరులో చదివాను. అప్పట్లో ఆ దేశంలో సెలవంటే శుక్రవారం. బ్యాంకులు శుక్రవారం, ఆఫీసులు శుక్రవారం, నేను బట్టలుతికేది శుక్రవారం. మూడేళ్ళు అలా బతికినవాడికి ప్రపంచమంతా శుక్రవారమే మూసుకుంటుందన్న నమ్మకం ఎముకల్లోకి దిగిపోతుంది. అందుకని ఎంతో జాగ్రత్తగా శుక్రవారం విమానం, శని, ఆదివారాలు వెనిస్, సోమవారమంతా ఫ్లోరెన్స్, మంగళవారం పొద్దున్నే రోమ్‌కు బయలుదేరడం అని వేశాను. "శుక్రవారం పడకుండా చూశాను సార్" అని చీఫ్ ఇంజనీరుగారికి ఫోన్లో చెప్పాను కూడా. "అనుభవం అంటే అదీ" అన్నారాయన.

ముదీర్ బీరువా తెరిచి నా పాస్‌పోర్టు తీసి ఇస్తూ, తిరిగి వచ్చిన రోజే తెచ్చి ఇవ్వాలని కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. వీసా స్టాంపు పడిన పేజీని నేను ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో లెక్కలేదు. విమానాశ్రయంలో టైతో, గొడుగుకు కట్టిన ఆకుపచ్చ రుమాలుతో నిలబడ్డాను. అది నా జెండా. ఆ గుంపులో అందరికంటే పెద్దది చీఫ్ ఇంజనీరుగారి తల్లి. మనవలను చూడటానికి కాకినాడ నుంచి నాలుగు నెలలకని వచ్చిన మనిషి. అందరూ మామ్మగారూ అంటుంటే నేనూ అలాగే పిలిచాను. సన్నగా, తెల్లగా, మోకాళ్ళనొప్పులతో, కళ్ళలో మాత్రం బళ్ళో పంతులమ్మలకు ఉండేలాంటి చూపుతో ఉండేవారు.

ఆవిడ నన్ను పట్టుకోవడానికి రెండు వారాలు పట్టలేదు, రెండు నిమిషాలు చాలాయి. వెనిస్ నుంచి ఫ్లోరెన్స్‌కు ఆదివారం సాయంత్రం బస్సులో వెళ్తుండగా నేను మైకు పట్టుకుని గుమ్మటం చరిత్ర చెప్పి ముగించగానే, పక్కన కూర్చోబెట్టుకుని, "ఇదివరకు వచ్చినప్పుడు ఇక్కడ ఏం తిన్నావు నాయనా?" అన్నారు. రాజుల పేర్లూ, శతాబ్దాలూ, గదుల నంబర్లూ అన్నీ వచ్చు నాకు. ఏం తింటారో బ్రోషరులో లేదు.

"అన్నమేనండీ" అన్నాను.

"ఓహో, అన్నమే" అని ఆవిడ కిటికీవైపు తిరిగారు. ఆ తర్వాత నన్ను ఆ విషయం ఇంకేమీ అడగలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదికి ఇరవై ఒక్కమంది పట్టుచీరలూ కొత్త బూట్లూ వేసుకుని నా రుమాలు వెనక బయలుదేరారు. మొదట చూడాల్సింది ఆ ఊరికే పేరు తెచ్చిన పాలరాతి యువకుడి విగ్రహం. దారి నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. సందులన్నీ నా నోట్‌బుక్కులో ఉన్నట్టే ఉండేసరికి, ఆనందంతో కళ్ళలో నీళ్ళొచ్చాయి. మ్యూజియం తలుపు దగ్గర ఒకావిడ మెట్లు ఊడుస్తోంది. మా గుంపును చూసి చీపురు ఊపుతూ "క్యూజో, క్యూజో" అంది. నేను వెనక్కు తిరిగి గంభీరంగా, "క్యూలో నిలబడమంటోందండీ" అన్నాను. అందరూ నిలబడ్డారు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, మన రేషను షాపు దగ్గర నిలబడినట్టు, మూసిన తలుపు ముందు నలభై నిమిషాలు. ఆ ఊడ్చే మనిషి రెండుసార్లు వచ్చి మమ్మల్ని చూసి, తల కొట్టుకుని వెళ్ళింది. మా వెనక ఇంకెవరూ ఎందుకు చేరడం లేదని నాకు తట్టనేలేదు. పైగా, "చూశారా, పొద్దున్నే రావడం వల్ల మనమే మొదటివాళ్ళం" అన్నాను.

చివరికి గొడుగులమ్ముకునే ఒక బంగ్లాదేశ్ కుర్రాడు జాలిపడి దగ్గరకొచ్చాడు. "భాయ్, ఆజ్ సోమ్‌వార్ హై. మ్యూజియం సబ్ బంద్. క్యూజో మత్‌లబ్ బంద్" అన్నాడు. హిందీలో కాబట్టి ఇరవై ఒక్కమందికీ ఒకేసారి అర్థమైంది. నదిపక్కన ఉన్న పెద్ద చిత్రశాల తెరిచి ఉంటుందేమోనని పరుగులాంటి నడకతో తీసుకెళ్ళాను. అదీ మూసే ఉంది. పక్క చౌకులో ఆరుబయట అదే పాలరాతి యువకుడు నిలబడి కనిపించేసరికి మా వాళ్ళ మొహాలు వెలిగాయి. "ఇదేనా?" అన్నారు చీఫ్ ఇంజనీరుగారు. అది నకలని నాకు తెలుసు, అసలుది మూసిన తలుపు వెనక ఉంది. "ఇదేనండీ" అన్నాను. అందరూ ఫొటోలు దిగారు. అంతలో పక్కనే ఒక ఇంగ్లీషు గైడు తన గుంపుకు, ఇది కాపీ అనీ, ఒరిజినల్ మ్యూజియంలో ఉందనీ, తీరిగ్గా, స్పష్టంగా, రెండుసార్లు చెప్పింది.

చీఫ్ ఇంజనీరుగారు కెమెరా దించి నాదగ్గరకు వచ్చారు. అప్పటికి "మీరు" పోయింది. "ఏవయ్యా, రెండుసార్లు వచ్చానన్నావు కదా. రెండుసార్లూ సోమవారమే వచ్చావా?"

"అవునండీ" అన్నాను.

(ఇప్పుడు తలుచుకుంటే నా జీవితంలో అంత నీచమైన జవాబు ఇంకొకటి లేదు. నిజం చెప్పేయడానికి ఆయనే తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను దాన్నీ మూసేశాను.) ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వులో నేను గైడుననే సంగతి అయిపోయింది. ఆ పూటంతా వాళ్ళు తోలు సంచులు బేరమాడుకుంటూ తిరిగారు. నేను రుమాలు ముడిచి జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం నేను హోటలు మనిషి కాళ్ళావేళ్ళా పడితే, మంగళవారం పొద్దున పెద్ద చిత్రశాలకు ఇరవై ఒక్క టిక్కెట్లు సంపాదించి పెట్టాడు. నాకు దొరకలేదు. కానీ ఇంకో చిక్కు వచ్చింది. ఎనిమిదికల్లా గదులు ఖాళీ చేయాలి. ఆ చిన్న హోటల్లో అన్ని పెట్టెలు పెట్టే చోటు లేదు. మా బస్సు డ్రైవరు విశ్రాంతి గంటలు పూర్తికానిదే పదకొండుకు ముందు రానన్నాడు. చిత్రశాలలోకి పెట్టెలు రానివ్వరు. అందువల్ల మంగళవారం పొద్దున ఇరవై ఒక్కమంది రాళ్ళు పరిచిన ఆ పాత సందుల్లో గడగడమని చక్రాల పెట్టెలు లాక్కుంటూ నది ఒడ్డుకు వచ్చి, గోడవారగా అన్నీ కుప్పపోసి, "నువ్వు ఇక్కడే ఉండు" అని నాకు చెప్పి లోపలికి వెళ్ళారు. మూడేళ్ళు కలలోకి వచ్చిన భవనం వంద అడుగుల దూరంలో ఉంది. నేను పెట్టెల మీద కూర్చుని దాని కిటికీలు చూస్తున్నాను.

మామ్మగారు మాత్రం లోపలికి వెళ్ళలేదు. మెట్లు చాలా ఉన్నాయని తెలిసి, "నా మోకాళ్ళు ఒప్పుకోవు, మీరు చూసి రండి" అని నా పక్కనే ఒక పెట్టె మీద కూర్చున్నారు. కాసేపు నదిని చూసి, "గోదారిలో పాయంత లేదు" అన్నారు. ఇంకాసేపటికి, "నువ్వు ఇంతకుముందెప్పుడూ రాలేదు కదూ?" అన్నారు.

ఆవిడ అడిగిన తీరులో కోపం లేదు, అందుకే దాచలేకపోయాను. "లేదండీ. ఎప్పుడూ రాలేదు. విమానం కూడా ఇది రెండోసారి."

"మరి అవన్నీ ఎలా నేర్చావు?"

చెప్పాను. డ్రాయింగు పరీక్షలు, పడని పోస్టులు, శుక్రవారాలు, అగ్గిపెట్టె అంత బొమ్మ, అన్నీ చెప్పాను. ఆవిడ చేతిసంచిలోంచి వాడని టిక్కెట్టు తీసి నా చేతిలో పెట్టారు. "వెళ్ళి చూసిరా. పెట్టెలు నేను చూస్తాను."

"వద్దండీ, సార్ చూస్తే…"

"నేను వాడి తల్లిని. వెళ్ళు. అరగంటలో వచ్చెయ్యి" అన్నారు.

పరుగెత్తాను. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పైన వరండా నా నోట్‌బుక్కులో ఉన్నట్టే ఉంది, గదుల వరస మాత్రం మారిపోయింది. నేను కంఠతా పట్టింది పాత ప్లాను. ఒక మలుపులో మా వాళ్ళు బెంచీల మీద వరసగా కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ కనిపించారు. నేను ఒక రోమన్ చక్రవర్తి తల వెనక దాక్కున్నాను. చీఫ్ ఇంజనీరుగారు ఎవరితోనో అంటున్నారు: "ఏముందండీ, అన్నీ ఒకేలా ఉన్నాయి. హైదరాబాద్ మ్యూజియమే నయం. గంటకొకసారి బొమ్మ వచ్చి గంటైనా కొడుతుంది." ఆయన భార్య అంది: "రోమ్‌లో దిగగానే కుక్కరు పెట్టేద్దాం. రెండు రోజులుగా ఆ పిజ్జాలు తినలేకపోతున్నా." చక్రవర్తి చెవి పక్కనుంచి జారుకుని ఇంకోవైపు వెళ్ళాను.

ఆ గది దొరికింది. పటం ముందు జనం, ఎత్తిన ఫోన్లు. సందు చూసుకుంటూ చూసుకుంటూ ముందుకు వెళ్ళాను. ఏమని చెప్పను? నేను ఊహించినదానికంటే ఎన్నోరెట్లు పెద్దది. గాలికి ఎగిరివస్తున్న గులాబీలు ఒక్కొక్కటీ విడిగా, బరువు లేకుండా తేలుతున్నాయి. ఆమె జుట్టులో సన్నటి బంగారు గీతలున్నాయి. ఏ అచ్చులోనూ అవి కనపడలేదు. మెడ ఉండాల్సినదానికంటే పొడుగు. ఎడమ భుజం జారిపోయింది. మా డ్రాయింగు మాస్టారైతే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఇచ్చేవారు. ఆ తప్పు చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంత గొప్ప పటంలో ఆ భుజం ఒకటి కుదరలేదని నాకు ఎవరూ చెప్పలేదు. నా కళ్ళతో నేను కనిపెట్టాను. ఆ ఊరి గురించి చదవకుండా నాకు తెలిసిన మొట్టమొదటి సంగతి అదే. కాసేపే నిలబడ్డాననుకున్నాను. గడియారం చూస్తే వచ్చి యాభై నిమిషాలు దాటింది.

కిందికి వచ్చేసరికి మామ్మగారు నిలబడి ఉన్నారు. మొహంలో రంగు లేదు. "ఎవరో ఇద్దరు మ్యాపు పట్టుకుని వచ్చి ఏదో అడిగారు నాయనా. మంచి బట్టలే వేసుకున్నారు. నాకు భాష రాదని చెబుతున్నాను… వాళ్ళు వెళ్ళాక చూస్తే ఎర్రపెట్టె లేదు."

ఎర్రపెట్టె చీఫ్ ఇంజనీరుగారి భార్యది. అందులో రైసు కుక్కరు, బియ్యం, కందిపొడి, రెండు సీసాల ఆవకాయ ఉన్నాయి. అంటే ఇరవై ఒక్కమంది తెలుగువాళ్ళ రోమ్ యాత్ర మొత్తం అందులోనే ఉంది. నదిగోడ వెంబడి ఇటూ అటూ పరుగెత్తాను. ఎక్కడా లేదు. తిరిగి వచ్చేసరికి అందరూ బయటికొచ్చి పెట్టెలు సర్దుకుంటున్నారు, అప్పుడే బయటపడింది. పాస్‌పోర్టులు పోయినా అంత గోల అయ్యేది కాదేమో.

"ఎవరు చూస్తున్నారిక్కడ? నువ్వేగా?" చీఫ్ ఇంజనీరుగారు నామీదికి వచ్చారు.

నేను నోరు తెరవకముందే మామ్మగారు అన్నారు: "అతన్ననకు. నేనే మంచినీళ్ళు తెమ్మని పంపాను. నాకు కాస్త కునుకు పట్టింది, అదే సమయంలో పోయింది."

ఆయన తల్లివైపు తిరిగాడు. అంతమంది ముందు, నడిరోడ్డు మీద, "ఒక్క గంట కళ్ళు తెరుచుకుని కూర్చోలేవా అమ్మా? నిన్ను తీసుకురావడమే నా బుద్ధితక్కువ. మెట్లెక్కలేనిదానివి, కాపలా కాయలేనిదానివి, ఇంట్లో ఉండమంటే విన్నావా?" అన్నాడు. కోడలు కూడా ఏదో అంది. మామ్మగారు నదివైపు చూస్తూ నిలబడ్డారు. చెంగు చేత్తో నలుపుతున్నారు, అంతే.

నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. "ఆవిడ నిద్రపోలేదండీ, నేనే వదిలి వెళ్ళాను." ఆ వాక్యం నాలుక మీద ఉంది. ముదీర్ బీరువా గుర్తొచ్చింది, వీసా రద్దు గుర్తొచ్చింది, ఊళ్ళో నాన్నకు ఏం చెప్పాలో గుర్తొచ్చింది. నా చేతిలో నీళ్ళ సీసా కూడా లేదు. ఎవరైనా ఒక్కరు నా చేతులవైపు చూసినా తెలిసిపోయేది. ఎవరూ చూడలేదు. అబద్ధం చెప్పడానికి పెద్ద కారణం అక్కర్లేని నాకు, నిజం చెప్పకుండా ఉండటానికి మాత్రం అన్ని కారణాలు దొరికాయి.

రోమ్‌లో రెండు రోజులు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. పెద్ద పెద్ద శిథిలాల ముందు నిలబడి అందరూ ఆవకాయ గురించే బాధపడ్డారు. మామ్మగారు అరటిపళ్ళు తిన్నారు. నేను రెండుసార్లు దగ్గరకు వెళ్ళాను. రెండుసార్లూ ఎవరో ఒకరు ఉన్నారు. ఉన్నారని సంతోషించాను కూడా, అదీ నిజమే చెప్పాలి.

షార్జా చేరిన నాలుగోరోజు చీఫ్ ఇంజనీరుగారి ఫిర్యాదు ఉత్తరం వచ్చింది, రెండు పేజీలు. ముదీర్ నన్ను పిలిచి చదివించాడు. "దేఖో మియా, మ్యూజియం బంద్ అని ఒక్క మాట లేదు. మొత్తం కుక్కరు, ఆచార్, కుక్కరు, ఆచార్!" నవ్వాడు గానీ మర్నాడే నన్ను యూరప్ టేబులు మీదనుంచి లేపి వీసా మార్చుకునేవాళ్ళ కౌంటర్లో కూర్చోబెట్టాడు. గడువైపోయినవాళ్ళను బస్సెక్కించి ఒమన్ సరిహద్దు దాటించి, స్టాంపు వేయించి, మళ్ళీ వెనక్కు తీసుకురావడం ఆ పని. "ఇందుల మ్యూజియాల్లేవ్, నీకు సేఫు" అన్నాడు. పాస్‌పోర్టు అప్పటికే బీరువాలోకి వెళ్ళిపోయింది. సిరిసిల్ల మామకు మాత్రం జరిగిందంతా చెప్పాను. ఆయన దుప్పటి దులిపి మంచం మీద పరుచుకున్నాడు. తర్వాత, "ముసలామెను తిట్టిచ్చినవ్‌రా నువ్వు" అన్నాడు. అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంకో నెలకు మామ్మగారి తిరుగు టిక్కెట్టు తేదీ మార్పించడానికి తల్లీకొడుకులు మా ఆఫీసుకు వచ్చారు. (ఫిర్యాదు ఫిర్యాదే, టిక్కెట్టు టిక్కెట్టే.) రోలాలో కారు పెట్టడానికి చోటు దొరకడమంటే మాటలు కాదు. ఆవిడను కింద దింపి, లిఫ్టు ఎక్కించి, చీఫ్ ఇంజనీరుగారు పార్కింగు వెతుక్కుంటూ వెళ్ళారు. ఆవిడ లోపలికి వచ్చి, చుట్టూ చూసి, ఖాళీగా ఉన్న ఇతర కుర్చీలన్నీ వదిలేసి నా కౌంటరు ముందు కూర్చున్నారు. నెలరోజులుగా తయారుచేసుకున్న క్షమాపణ ఉంది నా దగ్గర. చాలా బాగా వచ్చింది కూడా, మూడు నాలుగుసార్లు తిరగరాశాను.

"ఇంతకీ చూశావా ఆ బొమ్మ?" అన్నారు ఆవిడ.

"చూశానండీ. మామ్మగారూ, నేను ఆ రోజు…"

"ఎలా ఉంది?"

ఆ అడగడంలో ఎంత ఆత్రం ఉందంటే, నా క్షమాపణ నోట్లోనే ఆగిపోయింది. ఆవిడ అంతదూరం వచ్చి, గుమ్మం దాకా వచ్చి, టిక్కెట్టు చేత పట్టుకుని చూడకుండా వెళ్ళిన మనిషి. నేను ముందున్న వీసా ఫారం ఒకటి లాగి, వెనకవైపు తిప్పి, బాల్‌పెన్నుతో గీయడం మొదలుపెట్టాను. ఇదిగో ఆల్చిప్ప, ఇది సముద్రం, ఈ మూల గాలి ఊదుతున్న ఇద్దరు, ఈ పూలు ఇలా తేలుతుంటాయి, ఈ ఒడ్డున ఒకావిడ కప్పడానికి బట్ట పట్టుకుని ఎదురొస్తుంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "మెడ అంత పొడుగు గీశావేం?" అన్నారు. అసలుదీ అంతేనండీ అన్నాను. "భుజమేమిటి, జారిపోయింది?" అదీ అంతేనండీ అన్నాను. మామ్మగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ ప్రయాణం మొత్తంలో ఆవిడ నవ్వగా చూడలేదు నేను. "పాపం, అంత శ్రమపడి వేసినవాడికి భుజం కుదరలేదా!" అన్నారు.

అంతలో చీఫ్ ఇంజనీరుగారు చెమటలు కక్కుకుంటూ వచ్చి, "కారు డబుల్ పార్కింగులో ఉందమ్మా, యల్లా, యల్లా" అన్నారు. టిక్కెట్టు పని రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుని, నా తలమీద ఒకసారి చెయ్యి ఆనించి, కొడుకు వెనక లిఫ్టువైపు నడిచారు. క్షమాపణ నా దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత ఆవిడను చూడలేదు.

వాళ్ళు వెళ్ళిన పది నిమిషాలకు, నేను బొమ్మ గీసిన ఫారం అప్పటికే నింపి, సంతకం పెట్టి ఇచ్చిన కరీంనగర్ మనిషి ఒకాయన కౌంటరు దగ్గరకొచ్చి, "అన్నా, నా కాగితం ఏమాయె?" అని అడిగాడు. ఆయన కాగితం నవ్వుతున్న ఒక ముసలావిడ సంచిలో కారెక్కి దుబాయ్ వెళ్ళిపోతోందని ఎలా చెప్పను? "ప్రింటరు కరాబైంది, మళ్ళా నింపుదాం కూర్చో" అన్నాను. ఆ పూట ఆయనకు బస్సు తప్పిపోయింది. నన్ను తిట్టాడు, ముదీర్ కూడా తిట్టాడు. ఇద్దరు తిట్టినా ఏమీ అనకుండా, మెడకు టై బిగించుకుని, పళ్ళికిలించుకుంటూ ఇంకో ఫారం నింపుతూ కూర్చున్న ఆ వెర్రివాణ్ణి ఇప్పుడు దూరం నుంచి చూస్తే నాకు కోపం రాదు. చెంపమీద ఒకటి కొట్టాలనిపిస్తుంది, ఆ తర్వాత పక్కన కూర్చుని చాయ్ తాగించాలనిపిస్తుంది.